మిశ్రమాలు: కృష్ణా డెల్టా ఆధారంగా ఒక పరిచయం

రెండు గాని, అంతకంటే ఎక్కువ గాని పదార్థాలు రసాయనికంగా కూడకుండా, ఇంతకింత అనే నియమం లేకుండా కలిసి ఉంటే ఆ కలయికను మిశ్రమం అంటారు. మిశ్రమంలో చేరిన ప్రతి పదార్థమూ తన గుణాన్ని తాను నిలుపుకుంటుంది. ఉప్పునీటిలో ఉప్పు ఉప్పగానే ఉంటుంది, నీరు నీరుగానే ఉంటుంది. అందుకే మిశ్రమాన్ని వడపోత, ఇగర్చడం, తూర్పారబట్టడం, చిలకడం, స్వేదనం లాంటి భౌతిక పద్ధతులతో విడదీయవచ్చు. నీటిని హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడదీయడానికి ఆ పద్ధతులేవీ చాలవు. నీరు సంయోగ పదార్థం. అందులో 1 గ్రాము హైడ్రోజన్‌కు దాదాపు 8 గ్రాముల ఆక్సిజన్ ఉండాల్సిందే. బెజవాడలో పట్టిన నీటికైనా, హిమాలయాల్లో కరిగిన నీటికైనా అదే లెక్క.

ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలై హంసలదీవి వరకు పరుచుకున్న కృష్ణా డెల్టాలో మిశ్రమాలతో పని లేని వృత్తి దొరకడం కష్టం. కాలువ నీరు, ఒండ్రు నేల, ఉప్పు మడి, గేదె పాలు, చెరకు రసం, రొయ్యల చెరువు, చిలకలపూడి నగ, గుంటూరు కారం అన్నీ మిశ్రమాలే. పాఠ్యపుస్తకాలు ఇనుప రజను, గంధకం పొడి ఉదాహరణతో ఈ అధ్యాయాన్ని మొదలుపెడతాయి. ఆ ఉదాహరణలో తప్పేమీ లేదు గాని, డెల్టా పిల్లలకు అంతకంటే మంచి ఉదాహరణలు ఇంటి ముందే ఉన్నాయి. వాటిని దగ్గరగా చూస్తే ఒక సంగతి మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. కంటికి ఒక్కటిగా కనిపించేదల్లా ఒక్కటి కాదు. విడదీసి చూసినప్పుడే అసలు తెలుస్తుంది.

మిశ్రమానికి, సంయోగ పదార్థానికి మధ్య హద్దు

ఈ హద్దును గీయడానికి రసాయన శాస్త్రానికి చాలాకాలం పట్టింది. 18వ శతాబ్దం చివర ఫ్రెంచి రసాయనవేత్త జోసెఫ్ ప్రూస్ట్, సంయోగ పదార్థంలో మూలకాల నిష్పత్తి ఎప్పుడూ మారదని ప్రతిపాదించాడు. ఆయన దేశస్థుడే అయిన క్లాడ్ బెర్తొలే ఒప్పుకోలేదు. మిశ్రలోహాలనూ ద్రావణాలనూ చూపించి, నిష్పత్తి మారుతూనే ఉంటుందన్నాడు. వాళ్ళ వాదం ఏళ్ళ తరబడి మర్యాదగానే సాగింది. చివరికి జాన్ డాల్టన్ పరమాణు సిద్ధాంతం ప్రూస్ట్ పక్షాన్ని బలపరిచింది. బెర్తొలే చూపినవాటిలో చాలా భాగం సంయోగ పదార్థాలు కావని, మిశ్రమాలని తేలింది. అలాగని ఆయన శ్రమ వృథా పోలేదు. 1798లో నెపోలియన్ వెంట ఈజిప్టు వెళ్ళినప్పుడు ఉప్పు సరస్సుల ఒడ్డున సోడా పేరుకుని ఉండటం చూసి, పదార్థాల పరిమాణాన్ని బట్టి చర్య నడిచే దిశ మారుతుందని ఆయన గ్రహించాడు. మన డెల్టాలో చౌడు తేలిన నేలల మీద తెల్లగా పూసే పొరలోనూ ఇలాంటి లవణాలే కలిసి ఉంటాయి. చాకళ్ళు ఒకప్పుడు బట్టల మురికి వదలగొట్టడానికి వాడిన చౌడుమట్టి బలం అందులోని సోడాదే.

హద్దు ఎక్కడుందో పెడన కలంకారీ అద్దకంలో స్పష్టంగా చూడవచ్చు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం, నీళ్ళు కుండలో వేసి కొన్నాళ్ళు పులియబెడితే వచ్చే ద్రవం మిశ్రమం. కరక్కాయ నానబెట్టిన నీళ్ళూ మిశ్రమమే. కరక్కాయ నీళ్ళలో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద ఆ ఇనుప నీటిని అచ్చుతో అద్దగానే నలుపు తేలుతుంది. కరక్కాయలోని టానిన్‌తో ఇనుము కూడి కొత్త పదార్థం పుట్టింది కాబట్టే ఆ నలుపు ఉతికినా పోదు. ఎరుపు కోసం వాడే పటిక కూడా నూలుకూ రంగుకూ మధ్య లంకెగా నిలిచి ఇలాంటి పనే చేస్తుంది.

కొండపల్లి బొమ్మల దగ్గర కథ వేరు. తెల్ల పొణికి చెక్కతో చేసిన కాళ్ళూ చేతులూ అతికించడానికి రంపపు పొట్టును చింతగింజల జిగురుతో కలిపి మక్కు చేస్తారు. అది ఆరి గట్టిపడినా మిశ్రమమే. అందులో పొట్టు పొట్టుగానే ఉంటుంది. ఇసుక, కంకర, సిమెంటు పొడిగా కలిపినంతసేపూ మిశ్రమమే. నీళ్ళు పోసిన తరువాత సిమెంటు మాత్రం నీటితో రసాయనికంగా కూడి గట్టిపడుతుంది. ఇక దాన్ని జల్లెడ పట్టలేం.

కృష్ణ నీరు: మూడు మిశ్రమాలు ఒకచోట

వానాకాలంలో కృష్ణ నీటిని గాజు గ్లాసులో పట్టి కదపకుండా పెడితే మిశ్రమాల పాఠమంతా అందులోనే ఉంటుంది. ముందుగా ఇసుక, ముతక మట్టి అడుగుకు దిగుతాయి. ఇలా నిలకడగా ఉంచితే కణాలు దిగిపోయే మిశ్రమాన్ని అవలంబనం అంటారు. పైన మిగిలిన నీరు తేరినట్టే కనిపించినా మసక పోదు. ఆ మసకకు కారణం సన్నని బంకమట్టి కణాలు. మిల్లీమీటరులో వెయ్యో వంతుకంటే చిన్నవి కావడంతో అవి రోజుల తరబడి దిగవు, మామూలు వడపోత కాగితంలోంచి కూడా దాటిపోతాయి. ఈ స్థితిని కొల్లాయిడ్ అంటారు. ఈ పేరు పెట్టినవాడు స్కాట్లండు రసాయనవేత్త థామస్ గ్రాహం, 1861లో. చీకటి గదిలో ఆ గ్లాసులోంచి టార్చి వెలుగు పంపితే కాంతి దారి కనిపిస్తుంది. జాన్ టిండాల్ పేరు మీద దీన్ని టిండాల్ ప్రభావం అంటారు. ఆ మసక కూడా పోయాక మిగిలేది ద్రావణం. అందులో కాల్షియం, మెగ్నీషియం, సోడియం లవణాలు, కొద్దిగా ఆక్సిజన్ అణువుల స్థాయిలో కలిసిపోయి ఉంటాయి. వెలుగు దారి కనిపించదు, వడపోతకు ఏమీ చిక్కదు.

అవలంబనం, కొల్లాయిడ్ విజాతీయ మిశ్రమాలు. ద్రావణం సజాతీయ మిశ్రమం, అంటే ఎక్కడ ముంచి తీసినా కూర్పు ఒక్కటే. కొల్లాయిడ్ చూడటానికి సజాతీయంలాగే ఉంటుంది. ఆ పోలిక కంటికే పరిమితమని టార్చి వెలుగు తేల్చేస్తుంది.

బంకమట్టి కణాలు దిగకపోవడానికి వాటి చిన్నతనం ఒక్కటే కారణం కాదు. వాటి ఉపరితలం మీద రుణ విద్యుదావేశం ఉంటుంది. ఒకే ఆవేశమున్నవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కనుక దగ్గరై ముద్ద కట్టలేవు. పటిక వేస్తే అందులోని అల్యూమినియం అయాన్లు, మూడు ధనావేశాలు మోసేవి, ఆ నెట్టుకోవడాన్ని అణచేస్తాయి. కణాలు గుంపులు కట్టి బరువెక్కి అడుగుకు చేరతాయి. వెనకటి ఇళ్ళలో చిల్లగింజను కుండ లోపలి అంచుకు అరగదీసి నీళ్ళు తేర్చుకునేవారు. ఆ గింజలోని మాంసకృత్తులు, పొడవైన చక్కెర గొలుసులు కణాలను పట్టి గుదిగుచ్చుతాయి. ఈ వాడుకను సుశ్రుత సంహిత కూడా చెప్పింది. బెజవాడకు మంచినీళ్ళిచ్చే శుద్ధి కేంద్రాలు చేసేదీ ఇదే వరస: నీటిలో పటిక జాతి లవణం కలపడం, గుంపులు కట్టనివ్వడం, తేర్చడం, ఇసుక పొరలగుండా వడకట్టడం, చివర క్లోరిన్ కలపడం.

ఇదే పనిని సముద్రం వేల ఏళ్ళుగా చేస్తోంది, మనిషి ప్రమేయం లేకుండా. కృష్ణ పులిగడ్డ దగ్గర చీలి దివిసీమను చుట్టి సముద్రంలో కలుస్తుంది. ఉప్పునీరు తగిలిన చోట సోడియం, మెగ్నీషియం అయాన్లు బంకమట్టి ఆవేశాన్ని అణచివేస్తాయి. ప్రవాహం నెమ్మదించడం కూడా తోడై బురద గుంపులు కట్టి దిగుతుంది. నాగాయలంక, అవనిగడ్డ నేలలు ఇలా పేరుకున్నవే. గ్లాసులో పటిక ముక్క చేసే పనీ, డెల్టాను కట్టిన పనీ ఒకే సూత్రం. రసాయన శాస్త్రంలో ఇంతకంటే అందమైన సంగతి నాకు తట్టడం లేదు. శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాలు ఎగువ నుంచి వచ్చే ఒండ్రును చాలావరకు తమలోనే ఆపేసుకుంటున్నాయి. అందువల్ల డెల్టా అంచుకు కొత్త మట్టి రాక తగ్గి, కొన్నిచోట్ల సముద్రం ఒడ్డును కోసేస్తోంది.

2015 సెప్టెంబరు నుంచి పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తోంది. ఏ నీరు ఎంత కలిసిందో కంటితో చెప్పలేం. రెండు నదుల లవణాల పాళ్ళు వేరు గనుక ప్రయోగశాల చెప్పగలదు.

2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల వరద దిగువకు వెళ్ళింది. బ్యారేజీ చరిత్రలో అంత ప్రవాహం అంతకుముందు లేదు. అదే రోజుల్లో బుడమేరు వాగు పొంగి బెజవాడలోని అజిత్‌సింగ్ నగర్ చుట్టుపక్కల కాలనీలు నీట మునిగాయి. ఇలాంటి వరద నీరు మట్టీ, మురుగూ, నూనే, సూక్ష్మజీవులూ కలగలిసిన మిశ్రమం. రెండు రోజులు నిలవుంచితే పైన తేరుతుంది, తాగడానికి మాత్రం పనికిరాదు. బాక్టీరియా గ్లాసులో కనిపించవు, కరిగిన విషం అసలే కనిపించదు. తేటదనం వేరు, శుద్ధత వేరు. వరద తరువాత మరగకాచిన నీళ్ళో, క్లోరిన్ కలిపిన నీళ్ళో తాగాలని చెప్పేది ఇందుకే. మరిగిస్తే క్రిములు చస్తాయి గాని కరిగిన లవణాలు పోవు. నీరు ఆవిరైన కొద్దీ అవి మరింత చిక్కబడతాయి కూడా.

ఉప్పు మడి

సముద్రపు నీరు కిలోకు సుమారు 35 గ్రాముల లవణాలున్న ద్రావణం. అందులో నాలుగింట మూడు వంతులకు పైగా మామూలు ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్. మిగతావి మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు. అన్నీ తెల్లనివే, అన్నీ నీటిలో కరిగినవే. మరి బందరు తీరంలోనూ, డెల్టాకు దక్షిణాన చినగంజాంలోనూ ఉప్పు రైతులు వాటిని ఏ యంత్రమూ లేకుండా ఎలా వేరుచేస్తున్నారు?

కిటుకంతా కరిగే శక్తిలో ఉన్న తేడాలో ఉంది. నీరు ఇగిరేకొద్దీ తక్కువ కరిగే లవణం ముందు బయటపడుతుంది. ద్రావణం సాంద్రతను బోమే డిగ్రీలలో కొలుస్తారు. సముద్రపు నీరు 3 డిగ్రీల పైన ఉంటుంది. మొదట సున్నపు పదార్థం, 13 డిగ్రీల దగ్గర్లో జిప్సం మడి అడుగున చేరతాయి. నీరు దాదాపు పదో వంతుకు తగ్గి 25 డిగ్రీలు దాటాక ఉప్పు గింజ కట్టడం మొదలవుతుంది. అందుకే నీటిని ఒకే మడిలో ఎండనివ్వరు, మడి నుంచి మడికి మళ్ళిస్తారు. జిప్సం ముందు మడుల్లో ఉండిపోతుంది, ఉప్పు చివరి మడుల్లో పడుతుంది. 29, 30 డిగ్రీలకు చేరిన నీటిని పారబోస్తారు. ఆ నీటిలో మిగిలింది మెగ్నీషియం లవణాలు, రుచి చేదు. దాన్ని కూడా ఎండబెడితే ఉప్పు బరువు పెరుగుతుంది, నాణ్యత చెడుతుంది. వానాకాలంలో డబ్బాలో నీరు కారే ఉప్పుకు కారణం ఆ మెగ్నీషియం క్లోరైడే. గాలిలో తేమ మూడో వంతు ఉన్నా అది నీరు పీల్చుకుంటుంది. స్వచ్ఛమైన సోడియం క్లోరైడ్ మాత్రం గాలిలో తేమ 75 శాతం దాటే వరకూ పొడిగా ఉంటుంది.

ఇంత నేర్పు ఉన్న పనిని స్ఫటికీకరణం అనే ఒక్క మాటతో దాటేయడం అన్యాయం. వాన ఎప్పుడు పడుతుందో, ఏ మడి గండి ఎప్పుడు కొట్టాలో, చేదు నీటిని ఎప్పుడు వదలాలో తెలిసిన ఉప్పు రైతు నిజంగా రసాయన కార్మికుడే. ఒక్క అకాల వర్షం చాలు, గింజ కట్టిన ఉప్పు మళ్ళీ ద్రావణమైపోతుంది. 1930లో టంగుటూరి ప్రకాశం దేవరంపాడు శిబిరం నుంచి నడిపిన ఉప్పు సత్యాగ్రహంలో జనం చేసిన నేరం కూడా, రసాయన శాస్త్రం భాషలో చెబితే, ఒక మిశ్రమాన్ని ప్రభుత్వ అనుమతి లేకుండా విడదీయడం.

పాలు, వెన్న, నెయ్యి

పాలు చూపుకు ఒకే తెల్లని ద్రవం. నిజానికి ఒకే గిన్నెలో మూడు రకాల మిశ్రమాలు. పాలచక్కెర, లవణాలు నీటిలో కరిగి ద్రావణంగా ఉంటాయి. కేసీన్ మాంసకృత్తు కొల్లాయిడ్‌గా ఉంటుంది. వెన్న సన్నని బిందువులుగా చెదిరి ఉంటుంది. ఒకదానిలో ఒకటి కలవని రెండు ద్రవాల్లో ఒకటి బిందువులుగా మరోదానిలో చెదిరి ఉండటాన్ని ఎమల్షన్ అంటారు. ఈ బిందువుల మీదా, కేసీన్ కణాల మీదా పడి కాంతి చెదిరిపోవడం వల్ల పాలు తెల్లగా కనిపిస్తాయి. డెల్టా గేదె పాలలో వెన్న సుమారు 6 నుంచి 8 శాతం. నీటికంటే తేలిక గనుక నిలవుంచితే పైకి తేలుతుంది. పాల కేంద్రంలో గిరగిర తిప్పే సెపరేటర్ ఆ పనిని గంటల నుంచి క్షణాలకు కుదిస్తుంది. ప్యాకెట్ల మీద కనిపించే 6, 4.5, 3, 1.5 శాతం వెన్న అంకెలు ఇలా తీసి, మళ్ళీ కొలిచి కలిపినవే.

చిలకడం ఇంకా విచిత్రమైన క్రియ. పెరుగులోనో మీగడలోనో కవ్వం ఆడితే వెన్న బిందువుల మీద ఉన్న పలుచని పొర చిరిగి, బిందువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. మొదట నీటిలో వెన్న చెదిరి ఉండేది, చివరకు వెన్నలో నీరు చెదిరి ఉంటుంది. ఎమల్షన్ తలకిందులైంది. వెన్నలో ఇంకా ఆరో వంతు దాకా నీరు ఉంటుంది. వేసవిలో వెన్న పడకపోతే చల్లనీళ్ళు పోయమని పెద్దవాళ్ళు చెప్పడానికి కారణం ఉంది. ఎండకు వెన్న మరీ మెత్తబడితే బిందువులు గట్టిగా అతుక్కోవు. ఆ వెన్న కాస్తే నీరు చిటపటమంటూ ఆవిరై, గసి అడుగున చేరి, పైన నెయ్యి మిగులుతుంది. ఒక వంటింట్లో ఇన్ని విడదీతలు వరసగా జరుగుతాయి.

పాలకు ధర కట్టడంలో మిశ్రమాల శాస్త్రం నేరుగా రైతు చేతి డబ్బుగా మారుతుంది. లాక్టోమీటరు సాంద్రతను కొలుస్తుంది. నీళ్ళు కలిపితే సాంద్రత తగ్గుతుంది. వెన్న తీసేస్తే పెరుగుతుంది. కాబట్టి వెన్న కొంత తీసి, నీళ్ళు కొన్ని కలిపితే లాక్టోమీటరు మామూలు అంకెనే చూపిస్తుంది. ఈ మోసానికి విరుగుడు వెన్నను విడిగా కొలవడమే. స్విట్జర్లండుకు చెందిన నిక్లాస్ గెర్బర్ 19వ శతాబ్దం చివర దానికి దారి చూపాడు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పాలలోని మాంసకృత్తులను కరిగించేస్తుంది, గొట్టాన్ని తిప్పితే వెన్న పైన గీతల దగ్గర నిలుస్తుంది. అప్పటినుంచి వెన్న శాతమూ, వెన్న కాని ఘనపదార్థాల శాతమూ రెండూ చూసి ధర కడుతున్నారు. ఒక్క కొలతతో మిశ్రమం కూర్పును తేల్చలేమన్న పాఠం ఇందులో ఉంది.

చెరకు రసం నుంచి పెట్రోలు దాకా

చెరకుకు పేరుపడ్డ వుయ్యూరు ప్రాంతంలో గానుగ నుంచి వచ్చే రసంలో నీరు, చక్కెర, ఆమ్లాలు, మట్టి, పీచు, రంగు పదార్థాలు కలిసి ఉంటాయి. ఫ్యాక్టరీలో సున్నం, గంధకపు పొగ పట్టించి మలినాలను ముద్ద కట్టించి తేరుస్తారు. తేరిన రసాన్ని గాలి పీడనం తగ్గించిన పాత్రల్లో తక్కువ వేడి మీద చిక్కబరుస్తారు. సన్నని చక్కెర పలుకులను విత్తనంగా వేసి గింజ కట్టిస్తారు. చివర అపకేంద్ర యంత్రంలో తిప్పితే పంచదార లోపల నిలుస్తుంది, మొలాసిస్ బయటికి చిమ్ముతుంది. బెల్లం వండేవాళ్ళు మొలాసిస్‌ను వేరు చేయరు, అందుకే బెల్లానికి ఆ రంగూ ఆ రుచీ.

మొలాసిస్‌ను పులియబెడితే ఇథనాల్ వస్తుంది. నీరు 100 డిగ్రీల సెల్సియస్‌కు, ఇథనాల్ 78 డిగ్రీలకు మరుగుతాయి. ఈ తేడాతో వేరు చేయడమే అంశిక స్వేదనం. విశాఖలో 1957లో మొదలైన చమురు శుద్ధి కర్మాగారం ముడిచమురును పెట్రోలు, కిరోసిను, డీజిలుగా విడదీసేదీ ఇదే పద్ధతిలో. కాని ఇథనాల్ విషయంలో ప్రకృతి ఒక గీత గీసింది. బరువులో 95.6 శాతానికి చేరాక ద్రవంలోనూ ఆవిరిలోనూ కూర్పు ఒకటే అయిపోతుంది, ఎంత మరిగించినా ఇక వేరుపడదు. మిగిలిన నీటిని పీల్చే జియోలైట్ గుళికల గుండా పంపి తీసేయాల్సిందే. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్న ఈ రోజుల్లో ఇది ప్రతి వాహనదారుడికీ సంబంధించిన సంగతి. పొడి ఇథనాల్, పెట్రోలు చక్కగా కలిసిపోతాయి. ట్యాంకులోకి వాననీరు చేరి ఒక హద్దు దాటితే ఇథనాల్ నీటితో జతకట్టి అడుగుకు దిగిపోతుంది, పెట్రోలు పైన తేలుతుంది. ఇంజను అడుగు నీళ్ళు తాగి ఆగిపోతుంది.

ధాన్యం, తవుడు, పసుపు

ఇక్కడ పద్ధతులు సులువైనవే గనుక క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కళ్ళంలో తూర్పారబట్టడం బరువు, గాలి తాకిడి తేడా మీద నడుస్తుంది. జల్లెడ పరిమాణాన్ని చూస్తుంది. రైసు మిల్లులో అయస్కాంతం ఇనుప ముక్కలను పట్టుకుంటుంది, రాళ్ళ యంత్రం సాంద్రతను చూస్తుంది, రంగు చూసే కెమెరా మచ్చ గింజను గాలి దెబ్బతో పక్కకు నెడుతుంది. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, ఈ యంత్రాలన్నీ దాటే మన ఇళ్ళకు వస్తోంది. తవుడులోని నూనెను హెక్సేన్ అనే ద్రావణిలో కరిగించి తీస్తారు. తరువాత హెక్సేన్‌ను స్వేదనం చేసి మళ్ళీ వాడుకుంటారు. దుగ్గిరాల మార్కెట్టుకు వచ్చే పసుపులోని కర్క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. పోపు నూనెలో వేసిన పసుపు కూరంతా పట్టడానికి అదే కారణం.

బంగారం, కంచు: గట్టి మిశ్రమాలు

మిశ్రమం అనగానే నీళ్ళు గుర్తొస్తాయి గాని ఘన ద్రావణాలు కూడా ఉన్నాయి. 22 క్యారట్ల బంగారంలో 91.6 శాతం బంగారం, మిగతాది రాగి, వెండి. నగ మీద కనిపించే 916 ముద్ర అర్థం అదే. కరిగించి పోసినప్పుడు పరమాణువులు ఎంత సమంగా కలిసిపోతాయంటే ఏ మూల గీకి చూసినా ఒకే కూర్పు. బాపట్ల దగ్గర బుద్ధాంలో దొరికి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న కంచు బుద్ధ విగ్రహాలూ ఇలాంటి లోహ మిశ్రమాలే.

బందరు చిలకలపూడి నగల పనితనం వేరే తరగతిది. రాగి లేదా ఇత్తడి మీద పలుచని బంగారు పొర ఎక్కిస్తారు. అది పొర మీద పొర, ద్రావణం కాదు. అందుకే గీటురాయి మీద గట్టిగా గీస్తే లోపలి లోహం బయటపడుతుంది. అసలు నగ ఎంత అరిగినా 22 క్యారట్లుగానే ఉంటుంది.

భౌతిక పద్ధతులతో విడదీయవచ్చు అన్న పాఠ్యపుస్తకపు నిర్వచనం ఇక్కడ కొంచెం తడబడుతుంది. బంగారంలోని రాగిని తీయడానికి అయస్కాంతమూ వడపోతా పనికిరావు, నత్రికామ్లం కావాలి. అదైనా 22 క్యారట్ల బంగారాన్ని సరిగా తాకలేదు. చుట్టూ ఉన్న బంగారమే లోపలి రాగిని కాపాడుతుంది. అందుకే శుద్ధి చేసేవాళ్ళు ముందుగా వెండి ఇంకా కలిపి, బంగారాన్ని నాలుగో వంతుకు దించి, ఆపై ఆమ్లంలో వేస్తారు. శుద్ధి చేయడానికి ముందు మరింత కల్తీ చేయడం ఈ పద్ధతిలోని విశేషం. నిర్వచనంలో నిజంగా నిలిచేది మొదటి సగమే: నిష్పత్తికి కట్టుబాటు లేకపోవడం.

గాలి, గ్యాసు, చెరువు

పొడి గాలిలో 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్, ఒక శాతానికి కాస్త తక్కువ ఆర్గాన్ ఉంటాయి. వాయువులు ఏవైనా ఒకదానిలో ఒకటి పూర్తిగా కలిసిపోతాయి. గాలిలో ఘనకణాలు తేలుతుంటే మాత్రం అది కొల్లాయిడ్. ఇబ్రహీంపట్నంలో 1979 నుంచి నడుస్తున్న థర్మల్ విద్యుత్ కేంద్రం పొగలోని బూడిదను విద్యుదావేశం పట్టించి పలకల మీదకు లాగి పట్టుకుంటారు. ఆ బూడిద సిమెంటులోకీ ఇటుకల్లోకీ వెళుతోంది. నీటిలోని బంకమట్టిని నిలబెట్టిన విద్యుదావేశమే ఇక్కడ బూడిదను దించడానికి పనికొచ్చింది.

కైకలూరు ప్రాంతంలో ఓఎన్‌జీసీ తీస్తున్న సహజవాయువు ప్రధానంగా మీథేన్. దానితోపాటు బరువైన హైడ్రోకార్బన్లు, నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు కలిసి రావచ్చు. వాటిని విడదీయకుండా పైపులో పంపితే ఏమవుతుందో 2014 జూన్ 27న కోనసీమ నగరం గ్రామం చూసింది. పైపులైను పేలి 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. గ్యాసుతోపాటు వచ్చిన నీరు, ఇతర ద్రవాలు పైపును లోపల్నుంచి తుప్పు పట్టించాయని తరువాత బయటపడింది.

కొల్లేరు చుట్టూ, కైకలూరు నుంచి నాగాయలంక దాకా చేపల, రొయ్యల రైతులు రోజూ కనిపెట్టుకునే మిశ్రమం నీటిలో కరిగిన ఆక్సిజన్. 30 డిగ్రీల వేడిలో మంచినీరు లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను మాత్రమే పట్టగలదు. సముద్రమంత ఉప్పదనం ఉంటే అది 6 మిల్లీగ్రాముల చిల్లరకు తగ్గుతుంది. చక్కెర వేడినీటిలో ఎక్కువ కరుగుతుంది, వాయువు మాత్రం వేడి పెరిగితే తక్కువ కరుగుతుంది. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి నాచూ రొయ్యా రెండూ దాన్ని వాడుకుంటాయి. అందుకే తెల్లవారుజామున ఏరియేటర్ ఆగితే రొయ్య తేలిపోతుంది.

కల్తీ, దాన్ని పట్టే పద్ధతులు

కల్తీ అంటే కొనేవాడికి చెప్పకుండా చేసిన మిశ్రమం. కల్తీదారు నమ్మకమంతా కన్ను మోసపోతుందన్నదే. దాన్ని బయటపెట్టే శాస్త్రమంతా విడదీసే శాస్త్రమే. గుంటూరు కారానికి దేశదేశాల్లో పేరుంది. 2003లో ఐరోపా దేశాలు భారత్ నుంచి వచ్చిన మిరప ఉత్పత్తుల్లో సుడాన్ 1 అనే పరిశ్రమల రంగును కనిపెట్టి, పరీక్ష పత్రం లేనిదే రానివ్వమన్నాయి. ఆ రంగు మిరప ఎరుపులో కలిసిపోయి కంటికి దొరకదు. దాన్ని పట్టేది క్రొమటోగ్రఫీ. రష్యన్ వృక్షశాస్త్రవేత్త మిఖాయిల్ త్స్వెత్ 1903 ప్రాంతంలో ఆకు రంగును సుద్ద పొడి గొట్టంలోంచి దింపి పచ్చ, పసుపు పట్టీలుగా విడదీసిన పద్ధతి అది. మిశ్రమంలోని ఒక్కో పదార్థం ఆ పొడికి అతుక్కునే బలం వేరు గనుక ఒక్కోటి ఒక్కో వేగంతో దిగుతుంది. స్పైసెస్ బోర్డు గుంటూరులో నడిపే ప్రయోగశాలలో ఇప్పుడు ఆ పని యంత్రాలు చేస్తాయి.

ఇంట్లో చేయదగినవి కూడా కొన్ని ఉన్నాయి. గ్లాసు నీళ్ళ మీద చెంచాడు కారం చల్లి కాసేపు ఆగండి. నీటిలో కరిగే రంగు కలిపి ఉంటే ఎర్రని చారలుగా దిగుతుంది. అడుగున చేరిన దాన్ని వేళ్ళ మధ్య నలిపితే ఇటుక పొడీ ఇసుకా గరగరలాడతాయి, బలపపు రాయి పొడి సబ్బులా జారుతుంది. పాలను కాచి చల్లార్చి రెండు చుక్కల టింక్చర్ అయోడిన్ వేస్తే, గంజిపొడి కలిపిన పాలు నీలం తిరుగుతాయి. సుడాన్ లాంటి నూనెలో కరిగే రంగులు మాత్రం ఈ గ్లాసు పరీక్షకు దొరకవు. అనుమానం నిలిచిపోతే ఆ ప్యాకెట్టును పారేయకండి, ఆహార భద్రతా అధికారికి ఇచ్చి ప్రయోగశాలకు పంపించమని అడగండి. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద, రుసుము కట్టి విశ్లేషణ చేయించుకునే హక్కు కొన్న ప్రతి ఒక్కరికీ ఉంది.